బోర్లా పెట్టిన ముక్కలు

పోయిన వారం కథ ఒక ఫిర్యాదు దగ్గర ఆగింది. మొదటినుంచీ చదవని వాళ్ల కోసం ముందు నాలుగు మాటలు చెబుతాను.

సైకిల్ షాపు పైన ఉన్న బ్రిడ్జి పేకాట క్లబ్బులో నేనూ మా మేనత్తా ఒక జట్టు. అత్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. క్లబ్బులో ఆమె పేరే ఎక్స్‌రే. ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో వెనకనుంచి చూసినట్టు చెప్పేస్తుందని ఆ పేరు పెట్టారు. నేను పదో తరగతి దాకా మా ఊళ్లో చదివి, కాలేజీ కోసం అత్త ఇంటికి వచ్చినదాన్ని. అత్తతో ఆడే ఆవిడకు బదిలీ అయితే, ఖాళీ అయిన కుర్చీలో అత్త నన్ను కూర్చోబెట్టింది.

నలుగురిలో నోరు విప్పలేని నాకు ఈ ఆట కుదిరింది. బ్రిడ్జిలో మాట్లాడక్కర్లేదు. మాట్లాడకూడదు కూడా. పక్కనున్న పెట్టెలోంచి ఒక బిడ్ కార్డు, అంటే పందెం పలికే కార్డు, తీసి పెట్టాలి, అంతే. నా చేతిలో ఏముందో ఎదురుగా కూర్చున్న నా జట్టుమనిషికి ఆ కార్డే చెప్పాలి. ముఖం చెప్పకూడదు. చెయ్యి చెప్పకూడదు. దగ్గు కూడా చెప్పకూడదు.

ఇక ఫిర్యాదు సంగతి. ఆ రోజు అత్త "నీ దగ్గర ఆసులెన్ని?" అని అడిగే బిడ్ వేసింది. రెండని బిడ్‌తోనే చెప్పాను. అత్త చాలాసేపు ఆలోచించి అయిదు ఇస్పేట్ల దగ్గర ఆగింది. అడిగిన వాళ్లు ఆగితే చెప్పిన వాళ్లు నోరు మూసుకోవాలి. అది ఈ ఆటలో మర్యాద. నేను మూసుకోకుండా ఆరు ఇస్పేట్లు అన్నాను. బిడ్ అంకెకు ఆరు కలిపితే గెలవాల్సిన చుట్లు. అంటే పదమూడు చుట్లలో పన్నెండు మావేనని పందెం. పన్నెండూ వచ్చాయి.

"మీ అత్త అంతసేపు ఆలోచించడం చూశావు. ఆమె దగ్గర ఇంకా ఏదో ఉందని పసిగట్టావు. లేకపోతే ఆరు ఎలా అన్నావు?" అని ఎదుటి జట్టులోని కళ్లజోళ్లాయన అడిగాడు. నా చేతిలో కళావరు ఒక్కటి కూడా లేదు. ఆ రంగులో మొదటి చుట్టే తురుపుతో కొట్టేయొచ్చు. ఆసులెన్నో చెప్పడానికి బిడ్ ఉంది గానీ, ఒక రంగు అసలే లేదని చెప్పడానికి మా దగ్గర బిడ్ లేదు. అందుకే ఆరన్నాను. ఈ మాట అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆయన ఫిర్యాదు రాసి సిస్టర్ చేతికిచ్చాడు. అక్కడ ఆగాం.

*

సిస్టర్ మా క్లబ్బుకు పెద్ద. హెడ్ నర్సుగా రిటైరైంది. తగువులన్నీ ఆమె దగ్గరికే వెళతాయి. ఫిర్యాదు చదివి, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది.

"నువ్వు చూశావని ఆయనంటాడు. చూడలేదని నువ్వంటావు. నీ కళ్లలో దూరి నేను చూడలేను కదా తల్లీ. మధ్యలో తెర కట్టిస్తాను. ఈ రెండు జట్లే ఆడండి. తెర లేనప్పుడు ఎంత బాగా బిడ్ చేశారో, తెర ఉన్నప్పుడూ అంత బాగా చేస్తే ఈ కాగితం చింపేస్తా."

"చెయ్యకపోతే?" అంది అత్త.

"చెయ్యకపోతే మీరిద్దరూ ఇక ఒక బల్లకు ఎదురెదురుగా కూర్చోరు. ఈ క్లబ్బులోనే కాదు, ఇంకెక్కడా. పై వాళ్లకు నేనే రాస్తాను."

ఇరవయ్యేళ్లుగా అత్త ఆ క్లబ్బులో ఆడుతోంది. ఆమె మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఇంటికి వస్తుంటే ఆమె నడకలో ఏ మార్పూ కనిపించలేదు.

"నిప్పుకు చెదలు పట్టదు. నువ్వు హాయిగా నిద్రపో. వాళ్లు గోడ కట్టినా మనకేం కాదు," అంది.

"మనకేం కాదు" అన్నది నాకు ధైర్యం చెప్పడానికే అనుకున్నాను.

*

ఆదివారం మధ్యాహ్నం మేం వెళ్లేసరికి తెర సిద్ధంగా ఉంది. వడ్రంగి ప్లైవుడ్డుకు ఆకుపచ్చ రంగు వేశాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. కింద షాపులోంచి వచ్చే రబ్బరు సొల్యూషన్ వాసనలో ఈ వాసన కూడా కలిసింది. బల్లకు ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా తెర నిలబెట్టారు. అది పైన తల దాటి ఉంది, కింద నేలదాకా ఉంది. ఇలా పెడితే ప్రతి వైపూ రెండు జట్లనుంచీ ఒక్కొక్కరు వస్తారు. ఇటు నేను, నా ఎడమపక్కన కళ్లజోళ్లాయన. అటు అత్త, ఆమె పక్కన కళ్లజోళ్లాయన జట్టుమనిషి ప్లీడరు గారు.

తెరలో బల్ల మట్టానికి సన్నని సందు ఉంది. బిడ్ కార్డులు పెట్టిన ట్రే ఆ సందులోంచి అటూ ఇటూ జరుగుతుంది. మేమిద్దరం మా బిడ్లు పెట్టి ట్రే అటు తోస్తాం. వాళ్లిద్దరూ పెట్టి ఇటు తోస్తారు. బిడ్లు అయిపోయాక సందుకు పైనున్న చిన్న తలుపు ఎత్తుతారు. అప్పుడు బల్ల మధ్య ముక్కలు కనబడతాయి, చేతులు కనబడతాయి. ముఖాలు కనబడవు. ఏదైనా అడగాలంటే పక్కనున్న వాళ్లను చీటీ మీద రాసి అడగాలి. మాట్లాడితే అటువైపు వినబడుతుంది.

"క్లబ్బులో అందరి అద్దాలూ ఈయన చేసినవే. ఎవరు ఏం చూశారో ఈయనకు తెలియకుండా పోదు. జాగ్రత్త అమ్మాయ్," అని ప్లీడరు గారు తెర అవతలికి పోతూ నవ్వాడు.

కళ్లజోళ్లాయన నవ్వలేదు. జేబులోంచి పసుపు గుడ్డ తీసి అద్దాలు తుడుచుకున్నాడు. ఆయన పొద్దస్తమానం చేసే పని "ఇది బాగా కనబడుతోందా, అది బాగా కనబడుతోందా" అని అడగడం. అందుకే కాబోలు, మామూలుగా చూసినా పరీక్ష చేస్తున్నట్టే ఉంటుంది.

నాకు తెర నచ్చింది. ఆ మాట చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ, అది నిజం. ఎవరూ నన్ను ఎదురుగా చూడటం లేదు. ముక్కలు తీసి, రంగుల వారీగా సర్ది, లెక్క వేసుకుని, కార్డు పెడితే చాలు. ఫిర్యాదు నా మీదే కాబట్టి తడబడితే నేనే తడబడాలి. తడబడలేదు. మొదటి మూడు పంపకాలూ సాఫీగా జరిగాయి.

నాలుగో పంపకంలో నేను ఒక ఇస్పేటు అన్నాను. అత్త రెండంది. ఇస్పేట్లు తనకూ ఉన్నాయి గానీ బలం తక్కువ అని దాని అర్థం. నేను మూడన్నాను. ఇది ఊరికే అనేది కాదు, అడిగేది. "తక్కువలోనూ కాస్త ఎక్కువ ఉందా? ఉంటే నాలుగను, లేకపోతే ఊరుకో" అని. అత్త ఊరుకుంది. తలుపు ఎత్తాక అత్త ముక్కలు బల్ల మీద పరిచింది. తక్కువ కాదు. రెండు అనే మాటలో ఎంత పడుతుందో అంతా ఉంది. నాలుగుకు కావలసిన చుట్లన్నీ వచ్చాయి, రాసుకున్నది మూడు. నాలుగంటే వచ్చే పెద్ద మార్కులు పోయాయి.

పొరపాటు ఎవరికైనా వస్తుంది. కానీ అత్తకు ఇలాంటి చోట రాదు. "అడిగితే జవాబు చెప్పడం వంట కాదు, రుచిని బట్టి మార్చడానికి. ముక్కలు చూడు, చెప్పు," అని నాకు నేర్పిందే ఆమె.

తర్వాతి పంపకంలో అత్త ఒక ఆటీను అంది. నా చేతిలో మూడు ఆటీన్లు, ఒక రాజు, మిగిలినవి ఎందుకూ కొరగాని ముక్కలు. రెండన్నాను. అత్త ఏమీ అడగకుండా నాలుగుకు దూకింది. రెండు చుట్లు తక్కువ పడ్డాం. అత్త చెయ్యి చూస్తే దూకేంత చెయ్యి కాదు. మధ్యరకం. నన్ను అడగాల్సిన చెయ్యి.

ఒకసారి ఉన్నదాన్ని లేదనుకుంది. ఒకసారి లేనిదాన్ని ఉందనుకుంది. రెండుసార్లూ నా చేతి గురించే.

ప్లీడరు గారి గొంతు తెర అవతలనుంచి వచ్చింది. "ఏంటండీ ఎక్స్‌రే గారూ, ఇవాళ కరెంటు లేదా?"

"మా గదికి సీసం తలుపు ఉంటుంది ప్లీడరు గారూ. దాన్ని దాటి ఏదీ పోదు. మీరు ప్లైవుడ్డుతోనే ఆ పని కానిచ్చారు," అంది అత్త. అందరూ నవ్వారు. సిస్టర్ కూడా నవ్వింది.

నేను నవ్వలేదు, ఎందుకంటే నా పక్కన కళ్లజోళ్లాయన నవ్వలేదు. ఆయన నా చేతులు చూస్తున్నాడు.

కొత్త ముక్కలు వచ్చాయి. తీసి చూశాను. మళ్లీ ఏమీ లేదు. రెండు జాకీలు, ఒక రాణి. నా వంతుకు పాస్ కార్డు పెట్టాను. ముక్కలన్నీ కలిపి మూసి, బల్ల మీద బోర్లా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"అమ్మాయ్," అన్నాడు కళ్లజోళ్లాయన. పక్కనున్న నాకు మాత్రమే వినబడేంత నెమ్మదిగా. "ముక్కలు చేత్తో పట్టుకో. నాకు కనబడుతున్నాయి."

ఉలిక్కిపడ్డాను. "బోర్లానే పెట్టానండీ."

"అదే. బోర్లా పెట్టావు. అదే కనబడుతోంది."

నాకు అర్థం కాలేదు. ఆయన తన ముక్కల వైపు చూస్తూనే చెప్పాడు.

"చెయ్యి బాగుంటే గెడ్డం కింద దాచుకుంటావు. ఎవరో లాక్కుపోతారన్నట్టు. బాగా లేకపోతే బల్ల మీద పడేస్తావు. ఆట మొదలైనప్పటినుంచీ ఒక్కసారీ తప్పలేదు."

ఉన్నవాడికే దొంగల భయం, లేనివాడికి తలుపెందుకు అంటారు మా ఊళ్లో. నా ముక్కల విషయంలో నేను సరిగ్గా అలాగే చేస్తున్నానని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

"ఎదుటి జట్టువాణ్ని నేను చూడొచ్చు. అది నా తెలివి," అన్నాడు. "ఎవరు చూడకూడదో నీకు తెలుసుగా."

తెలుసు. జట్టుమనిషి చూడకూడదు. ఒకవేళ కంట పడినా, పడనట్టే ఆడాలి.

ఆయన అద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు. ఈసారి అవి మురికిగా లేవు. "కాగితం మీద పేరు తప్పు రాశానేమో," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

*

సగం ఆట అయ్యాక టీ ఇచ్చారు. నేను కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్లాను. కింద షాపులో ఎవరో ఒక చక్రాన్ని తిరగేసి పెట్టి తిప్పుతూ, వంకర ఎక్కడుందో చూస్తున్నారు. తిప్పడం, ఆపడం, ఒక చువ్వ బిగించడం, మళ్లీ తిప్పడం.

నేను ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. అత్త ఇంటికి వచ్చిన కొత్తలో నేను వంగి నడిచేదాన్ని. "వెన్నెముక ఫిల్మ్ తీస్తే ప్రశ్నార్థకంలా ఉంటుంది," అని నిటారుగా నడవడం నేర్పింది. గోళ్లు కొరికేదాన్ని, మాన్పించింది. మాట చివర మింగేదాన్ని, దిద్దింది. ముక్కలు పంచేటప్పుడు చిటికెన వేలు పైకి లేస్తుందని అది కూడా దిద్దింది. నాలో దిద్దాల్సిందేదీ ఆమె కంటికి తప్పలేదు. ఎదుటివాళ్ల అట్ట వెనకనున్న ముక్కలు కనబడే మనిషి ఆమె.

ముక్కలు బోర్లా పెట్టే అలవాటు మాత్రం ఒక్కసారీ దిద్దలేదు.

కొత్తలో అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. "ఎంత తొందరగా కుదిరారే మీ ఇద్దరూ, ఒకరి మనసు ఒకరికి తెలిసినట్టు," అని. అప్పుడు సంతోషంతో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అత్త వచ్చి పక్కన నిలబడింది. టీలో చెంచా తిప్పుతోంది.

"బాగా ఆడుతున్నావు," అంది.

"ఊఁ."

"నాకే ఇవాళ లెక్క కుదరటం లేదు. ఆ రంగు వాసనకు తల దిమ్ముగా ఉంది."

"ఊఁ."

"ఏంటే, మూగనోము పట్టావా? ఆ కళ్లజోళ్లాయన ఏదో గొణిగాడే. ఏమన్నాడు?"

ఏమీ లేదు అత్తా అనబోయాను. చక్రం తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"ముక్కలు చేత్తో పట్టుకోమన్నాడు," అన్నాను.

అత్త చేతిలో చెంచా ఆగింది. ఎంతోసేపు కాదు. చూడని వాళ్లకు తెలియదు. ఆ రోజు నేను చూస్తున్నాను.

"ఎందుకట?" అంది.

"కనబడుతున్నాయట."

అత్త టీ ఒక గుక్క తాగింది. అది చల్లారిపోయిందన్నట్టు కప్పులోకి చూసింది. నేను ఆమె ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు. రోజంతా మనుషుల లోపలి ఎముకలు చూసి, బయటికొచ్చి "డాక్టరు గారు చెబుతారమ్మా" అనే ముఖం అది. ఆ ముఖం మీద ఎవరూ ఏమీ చదవలేరు.

"నీకెలా వీలైతే అలా పట్టుకో," అంది. "ఆయన మాటలు పట్టించుకుంటే ఆట చెడుతుంది."

లోపలినుంచి సిస్టర్ పిలిచింది. అత్త ముందు వెళ్లింది.

అడిగి ఉండాల్సింది. "నువ్వు చూసేదానివా అత్తా?" అని ఎనిమిది అక్షరాలో తొమ్మిది అక్షరాలో. చూసేదాన్ని అంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. చూడలేదు అంటే నమ్మాలో వద్దో కూడా తెలియదు.

*

రెండో సగంలో నేను ఒక పని చేశాను. అది తప్పని ఇప్పటికీ అనను. ఒప్పని కూడా అనను.

అడగడం మానేశాను.

బ్రిడ్జిలో బిడ్లు రెండు రకాలు. "నా దగ్గర ఇంత ఉంది, మిగిలింది నువ్వు చూసుకో" అనేవి కొన్ని. "ఇదీ లెక్క, ఇక్కడితో సరి" అనేవి కొన్ని. మొదటి రకం వాడితే నిర్ణయం అవతలి వాళ్లది అవుతుంది. అత్త నిర్ణయించాల్సిన చోటల్లా ఇవాళ తప్పుతోంది. అందుకని ఆమెకు నిర్ణయం మిగల్చలేదు. మూడు అని అడగాల్సిన చోట నేనే నాలుగు అన్నాను. ఆగుదామా అని అడగాల్సిన చోట నేనే ఆగిపోయాను. కొన్ని నా ఊహ కొద్దీ వేశాను. కొన్ని తప్పాయి. ఎక్కువ భాగం నిలిచాయి. ముక్కలు మంచివైనా చెడ్డవైనా ఒకే ఎత్తులో పట్టుకున్నాను. నా చేతులు నావి కానట్టు అనిపించింది.

అటునుంచి వచ్చే ట్రేలో ఇక పాస్ కార్డులే వచ్చేవి. తలుపు ఎత్తినప్పుడు అత్త చేతులు కనబడేవి. ముక్కలు పరిచి వెనక్కి వెళ్లిపోయేవి. మొదట్లో ఆ చేతులు పరిచాక ఒక క్షణం బల్ల మీద ఆగేవి. తర్వాత తర్వాత ఆగడం మానేశాయి.

ఒక మనిషి మనల్ని అడగడం మానేస్తే మనకు తెలుస్తుంది. ఏ ఎక్స్‌రే అక్కర్లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. నేను లెక్క వేసుకుంటున్నాను: ఇలాగే పోతే మొదటి సగంలో పోయింది దాదాపు సర్దుకుంటుంది. సిస్టర్ కాగితం చింపేస్తుంది. అత్త పేరు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఇంట్లో, ఇద్దరమే ఉన్నప్పుడు అడుగుతాను. లేదా అడగను.

ఆఖరి పంపకం వచ్చింది.

ముక్కలు తీశాను. అయిదు ఇస్పేట్లు, అందులో రాజూ రాణీ. ఆటీనులో ఆసూ రాజూ. డైమనులో రాజు, రాణి, జాకీ. కళావరు ఒకే ఒక్క చిన్న ముక్క. అన్నాళ్లలో నాకు వచ్చిన మంచి చేతుల్లో అదొకటి. గెడ్డం కిందికి తెచ్చుకోకుండా ఆపుకోవడానికి మోచెయ్యి బల్లకు ఆనించాను.

ఒక ఇస్పేటు అన్నాను. ట్రే వెళ్లి వచ్చింది. అత్త మూడంది. ఇస్పేట్లు నాలుగున్నాయి, చెయ్యి బాగుంది అని. నేను ఆసుల ప్రశ్న వేశాను. జవాబు వచ్చింది: రెండు. నా దగ్గర ఒకటి. మొత్తం మూడు. నాలుగో ఆసు ఎదుటి జట్టు దగ్గర ఉంది. దానికి ఒక చుట్టు పోతుంది. మిగిలిన పన్నెండూ మావే. ఆలోచించడానికి ఏమీ లేదు. ఆరు ఇస్పేట్లు. నెలన్నా ఆడిన వాళ్లెవరైనా అదే అంటారు. అది వస్తే మ్యాచ్ మాది, కాగితం చిత్తుబుట్టది.

ఆరు ఇస్పేట్ల కార్డు పెట్టాను. కళ్లజోళ్లాయన పాస్ అన్నాడు. ట్రే అటు తోశాను.

అటు అత్త చెయ్యాల్సింది ఒక్కటే. పాస్ పెట్టాలి. అడిగిన దాన్ని నేను, ఆగిన దాన్ని నేను. చెప్పిన వాళ్లు నోరు మూసుకోవాలి.

ట్రే రాలేదు.

కింద షాపులో ఎవరో కొత్త బెల్లు బిగించి మోగించి చూస్తున్నారు. ఒకసారి. మళ్లీ ఒకసారి. అవతల ప్లీడరు గారు గొంతు సవరించుకున్నాడు. సిస్టర్ చూపు గోడ గడియారం మీదికి వెళ్లింది. అప్పుడు సందులోంచి ట్రే నెమ్మదిగా ఇటు జరిగింది.

ఏడు ఇస్పేట్లు.

పక్కన ప్లీడరు గారి పాస్.

కార్డు పొరపాటున వచ్చిందేమో అనుకున్నాను. కానీ అది ట్రేలో అంచుకు సమంగా, తిన్నగా పెట్టి ఉంది. అత్త ఏ పని చేసినా అంత తిన్నగానే చేస్తుంది. ఏడు అంటే పదమూడు చుట్లూ మావే అని. ఒక ఆసు బయట ఉంది. నాలుగు ఆసులూ మా దగ్గరే ఉంటే నేను ఆరు దగ్గర ఆగేదాన్ని కాదని అత్తకు తెలుసు. ఆ పాఠం చెప్పిందే ఆమె. ఈ ఏడు రాదు. రాదని తెలిసి, తెలిసిందని నాకు తెలిసేలా పెట్టింది.

ఎవరూ చెప్పలేదు గానీ, ఆ కార్డుతో అత్త అంటున్నది నాకు అర్థమైంది: నువ్వు నన్ను అడగడం మానేశావు. ఎందుకు మానేశావో నాకు తెలుసు. నన్ను నీ వెనక దాచకు. పెట్టెలో ఉన్న కార్డుల్లో ఈ మాట చెప్పడానికి వేరే కార్డు లేదు. ఒక రంగు అసలే లేదని చెప్పడానికి ఆ రోజు నాకు లేనట్టే.

నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. పాస్ పెట్టాను.

ఇక కళ్లజోళ్లాయన వంతు. ఆ నాలుగో ఆసు ఆయన దగ్గరే ఉందని ఆయన ఊపిరిని బట్టి తెలిసింది. డబుల్ కార్డు తీసి పెడితే చాలు, మా నష్టం ఇంకా పెరుగుతుంది. ఆయన చెయ్యి పెట్టె దాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. పెన్సిలు తీసుకుని చీటీ మీద రాసి నా ముందుకు జరిపాడు.

*7 ఇస్పేట్లు. అర్థం?*

అడిగే హక్కు ఆయనకు ఉంది. చెప్పడం నా విధి. అత్త నాకు బ్రిడ్జి నేర్పిన మొదటి సాయంత్రం, ముక్కలు కూడా పంచకముందు చెప్పిన మాట అది. "మనిద్దరికీ తెలిసి వాళ్లకు తెలియనిది ఒక్కటి కూడా ఉండకూడదు. మనం చెప్పుకున్న ఒప్పందమే కాదు, కలిసి ఆడగా ఆడగా అలవాటైంది కూడా. అడిగితే చెప్పాలి. అడిగింది శత్రువైనా సరే."

పెన్సిలు తీసుకున్నాను. *ఒప్పందం లేదు* అని రాశాను. అది నిజమే. ఏడు ఇస్పేట్ల గురించి మేం ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. అక్కడితో ఆపి చీటీ తిరిగి ఇచ్చేయొచ్చు. ఎవరూ నన్ను తప్పుపట్టరు.

ఆపలేదు. దాని కింద ఇంకొక వరుస రాశాను.

*ఇవాళ ఆమెకు నేను కనబడటం లేదు.*

కళ్లజోళ్లాయన చదివాడు. చీటీని కొంచెం దూరం జరిపి మళ్లీ చదివాడు. చదివి, దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. నా వైపు చూడలేదు. చెయ్యి పైకెత్తి, "సిస్టర్!" అన్నాడు.

అదే క్షణంలో తెర అవతలనుంచి అత్త గొంతు కూడా వినబడింది. ఆ గొంతులో తొందర లేదు, వణుకు లేదు. ఆసుపత్రిలో తర్వాతి మనిషిని లోపలికి పిలిచినట్టు ఉంది.

"సిస్టర్!"

సిస్టర్ లేచింది. ఎవరు పిలిచారో తెలియక బల్ల దగ్గరికి వచ్చి, తెర అంచున ఆగింది. ఇటు చూసింది. అటు చూసింది. అత్త ముఖమూ నా ముఖమూ ఒకేసారి కనబడుతున్నది ఆ గదిలో ఆమె ఒక్కదానికే.

"ముందు ఎవరు మాట్లాడతారు?" అంది.